బోర్డు మసి, సున్నపు తేట, గుంటల లెక్క

జూన్‌లో బడి తెరిచే వారం నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో ప్రతి క్లాసుగదికీ ఒకటే వాసన. బోర్డుకు కొత్తగా పూసిన మసి, అందులో కలిపిన చిక్కుడాకు పసరు, ఎండాకాలమంతా మూసిపెట్టిన గది ఉక్క. ఇప్పటికీ ఎక్కడైనా పసరూ బొగ్గూ కలిసిన వాసన తగిలిందంటే సబ్జెక్టులు వరసపెట్టి గుర్తొస్తాయి, వాటి వెనకే సార్లూ టీచరమ్మలూ. ఆ మసి దగ్గరే సగం సైన్సు మొదలయ్యేది మరి.

బోర్డు నలుపు చేసే పద్ధతి ఊరికి కొంచెం మారేది గానీ మూలం ఒక్కటే. అయిపోయిన టార్చిలైటు సెల్లులు పిల్లలు ఇండ్ల నుంచి తెచ్చేవారు. పై కాగితం, రేకు ఊడదీసి రాయితో మెల్లగా కొడితే లోపలి నల్ల ముద్ద పొడి అయ్యేది. దాన్ని పాతబట్టలో జల్లించి, నూరిన బొగ్గు కలిపి, ఆకు పసరుతో మజ్జిగంత పలచన చేసేవారు. గుడ్డతో అడ్డంగా ఒక పూత, అది ఆరినాక నిలువుగా ఇంకో పూత. పసరు తక్కువైతే డస్టరు తగిలినప్పుడల్లా మసి రాలేది. ఎక్కువైతే మెరుపొచ్చి, కిటికీకి ఎదురు వరసలో కూర్చున్నోళ్లకు అక్షరాలు కనిపించేవి కాదు. ఇంకో చిక్కు వానాకాలంలో బయటపడేది. సెల్లు పొడిలో నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) ఉంటుంది, అది గాలిలోని చెమ్మ పీలుస్తుంది, బోర్డు చెమర్చి చాక్‌పీసు జారుతుంది. తెలిసిన సార్లు ఆ పొడిని ముందే రెండు మూడు నీళ్లతో కడిగించి ఎండబెట్టించేవారు.

పూత ఆరిందని వెంటనే రాయడం కూడా కుదరదు. చాక్‌పీసును అడ్డంగా పడుకోబెట్టి బోర్డంతా రుద్ది, పొడి గుడ్డతో తుడవాలి. అది చేయకుండా రాస్తే మొదటి రోజు రాసిన అక్షరాల చారలు దసరాదాకా పోవు. కొత్త బోర్డు మీద లేత తెల్ల పొర కనిపించిందంటే ఆ బడిలో ఎవరో పనితెలిసిన పంతులు ఉన్నట్టే.

సెల్లులో మిగిలినవేవీ పారేసేవారు కాదు. నడిమి కార్బన్ కడ్డీ, చుట్టూ ఉన్న జింకు డొప్ప సైన్సు సారు డబ్బాలోకి పోయేవి.

జింకు డొప్పలు

చాలా హైస్కూళ్లలో ల్యాబు అంటే ఒక ఇనప బీరువా. పరీక్షనాళికలు పగిలితే రిజిస్టరులో రాయాలని భయపడి బీరువా తాళమే తీయని సార్లు ఉండేవారు. ఆ బీరువాతో పని పెట్టుకోకుండా ఉన్న సామానుతోనే హైడ్రోజన్ చేసి చూపించిన సారంటే పిల్లలకు ప్రాణం. ఆయన పీరియడు అనగానే వెనక బెంచీలు ముందుకు జరిగేవి.

జింకు డొప్పల్ని కత్తెరతో సన్నగా కత్తిరించి సీసాలో వేసేవారు. ఆసిడ్ పలచన చేసేటప్పుడు క్లాసంతా ఒక మాట అనాల్సిందే: "నీళ్లల్ల ఆసిడ్ పోయాలె, ఆసిడ్ల నీళ్లు పోయొద్దు." గాఢమైన సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో నీళ్లు పోస్తే పుట్టిన వేడికి ఆ నీళ్లు అక్కడికక్కడే మరిగి ఆసిడ్‌ను మొహం మీదికి చిమ్ముతాయి. సీసా బిరడాకు రెండు రంధ్రాలు. ఒకదాంట్లో పొడుగు కాడ ఉండే థిసిల్ గరాటు, ఇంకోదాంట్లో వంచిన గాజు గొట్టం. గరాటు కాడ అడుగు ఆసిడ్‌లో మునిగి ఉండాలి, లేకుంటే వాయువు ఆ దారినే బయటికి పోతుంది. గాజు గొట్టం కొస మాత్రం ఆసిడ్‌కు తగలొద్దు. ప్రయోగం చేసినా బుడగ రాలేదంటే నూటికి తొంభై సార్లు తప్పు ఈ రెండింటిలోనే ఉండేది, లేదా బిరడా వదులై ఉండేది. బిరడా చుట్టూ తడి సబ్బు రాస్తే ఎక్కడ కారుతుందో బుడగే చూపించేది.

నీళ్ల తొట్టిలో బోర్లించిన నాళికల్లో మొదటి రెండూ వదిలేయాలి. వాటిలో సీసాలోని గాలి కలిసి ఉంటుంది, నిప్పు తగిలితే గట్టిగా పేలుతుంది. తర్వాతి నాళిక మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే చిన్న 'టప్', అంతే. పిల్లలకు కావాల్సింది మాత్రం పెద్ద చప్పుడే! అందుకని సారు గాలి కలిసిన నాళికను ఒక్కదాన్ని దాచిపెట్టి, గుడ్డ చుట్టి, చివర్లో పేల్చేవారు. మంట ఎప్పుడూ నాళిక దగ్గరే, సీసా దరిదాపుల్లోకి రానిచ్చేవారు కాదు.

పుస్తకంలో జింకు అని ఊరికే రాసి ఉంటుంది. శుద్ధమైన జింకు ఆసిడ్‌లో చాలా మెల్లగా పనిచేస్తుంది, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నాలుగు పలుకులు వేస్తే రాగి దాని మీద పట్టి చర్య ఊపందుకుంటుంది. సెల్లు డొప్పల్లో వేరే లోహాలు ముందే కొంచెం కలిసి ఉంటాయి కాబట్టి తుత్తం లేకపోయినా బుడగలు బాగానే వచ్చేవి. కొన్న జింకు కంటే ఊళ్లోని చెత్త జింకే నయమని తేలిన రోజు క్లాసంతా నవ్వులే.

కార్బన్ కడ్డీలతో నీటిని విడగొట్టడం ఇంకో రోజు. అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించి, మూతికి కడ్డీలు రెండు గుచ్చి, మైనంతో సందులు మూసి, నీళ్లలో ఆసిడ్ చుక్కలు వేసి, నాలుగు కొత్త సెల్లులు వరసగా కలిపేవారు. ఒక నాళికలో హైడ్రోజన్ రెండు వంతులు, ఇంకోదాంట్లో ఆక్సిజన్ ఒక వంతు రావాలని పాఠం. వచ్చేది అంత కచ్చితంగా ఉండదు. ఆక్సిజన్ కొంత నీటిలో కరుగుతుంది, కొంత కార్బన్ కడ్డీనే తింటుంది. "లెక్క తప్పలేదు రా, కడ్డీ తిన్నది" అని సారు చెప్పి కడ్డీ కొస గరుకెక్కడం చూపించేవారు.

సున్నపు తేట

పాన్ డబ్బాలో దొరికే తడి సున్నం రెండు చెంచాలు, ఒక పెద్ద సీసా నిండా నీళ్లు. బాగా కుదిపి రాత్రంతా కదలకుండా పెట్టాలి. పొద్దున పైన నిలిచిన తేటను అడుగు రేగకుండా ఇంకో సీసాలోకి వంచుకోవాలి. ఆ సీసా మెడదాకా నింపి బిరడా గట్టిగా బిగించాలి. సగం సీసా పెట్టి మూత వదులుగా వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన తెల్ల పొర కడుతుంది, ప్రయోగం రోజుకు సున్నపు తేటలో పస ఉండదు.

బొప్పాయి ఆకు కాడే ఊదుడు గొట్టం. ఊదితే తేట తెల్లబడుతుంది, అక్కడితో పాఠం అయిపోయిందని అందరూ అనుకుంటారు. ఇంకా ఊదమనేవారు టీచరమ్మ. దవడలు నొప్పెట్టేదాకా ఊదితే తెలుపు మళ్లీ పోయి నీళ్లు తేటబడేవి. కరగని కార్బొనేట్ ఇంకొంచెం వాయువుతో కరిగే బైకార్బొనేట్ అవుతుంది. ఆ నీళ్లను దీపం మీద కాస్తే తెలుపు తిరిగొస్తుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్ల పెచ్చు కూడా ఇదే. ఇంటికెళ్లి అమ్మ గిన్నె గీకి తెచ్చి, నిమ్మరసం పిండి పొంగు చూసిన పిల్లలకు ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన పనుండేది కాదు.

పటిక నీళ్లు

నల్లగొండలో రసాయన శాస్త్రం చెప్పే సారుకు ఉదాహరణల కరువు లేదు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు పిల్లల పండ్ల మీది గోధుమ చారలు క్లాసులోనే కనిపించేవి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చని లెక్క. అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. గ్రానైటు రాతిలోని ఫ్లోరైడ్ ఖనిజాలు నీటిలో కరిగి రావడం, బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతితో ఎక్కువకాలం ఉండటం, ఇవన్నీ బోర్డు మీద బొమ్మగా వచ్చేవి.

జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. 40 లీటర్ల బకెట్టు, అడుగుకు నాలుగైదు సెంటీమీటర్ల పైన నల్లా. నీటిలో పటిక ద్రావణం, దానిలో ఇరవయ్యో వంతు సున్నం, క్రిముల కోసం కొంచెం బ్లీచింగ్ పౌడరు. ముందు ఒక నిమిషం గిరగిరా తిప్పాలి, ఆ తర్వాత పది నిమిషాలు మెల్లగా. మెల్లగా తిప్పినప్పుడే తెల్లటి మెత్తటి ముద్దలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతాయి. ఈ రెండో దశలో కూడా వేగంగా కలిపితే ముద్దలు విరిగి నీళ్లు మబ్బుగానే ఉండిపోతాయి. గంట ఆగి పైనీళ్లు నల్లా తిప్పి పట్టుకోవాలి. బకెట్టు వంచి పోసుకున్నారంటే అడుగుది మళ్లీ కలిసిపోతుంది. నల్లా అడుగు నుంచి అంత పైకి పెట్టిందే అందుకు.

పటిక ఎంత వేయాలనేది ఫ్లోరైడ్ ఒక్కటే చూసి చెప్పలేం, నీటి క్షారత కూడా చూడాలి. ఒక ఊరి కొలత పక్కూరికి పనికిరాదు. చిటికెడు పటిక తిప్పితే నీళ్లు తేటబడతాయి గానీ ఫ్లోరైడ్ అక్కడే ఉంటుంది. తేట వేరు, మంచి వేరు. కాచితే పోతుంది కదా సార్ అని ప్రతి బ్యాచిలోనూ ఒకరు అడిగేవారు. కాచితే నీళ్లు ఆవిరై, మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుందని సారు లెక్క వేసి చూపించేవారు. ఇప్పుడు చాలా ఊళ్లకు నదుల నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, ఆ బకెట్లు కనిపించవు.

గుంటలు, గొలుసులు

మధ్యాహ్నం చివరి పీరియడులో చిన్న క్లాసుల నుంచి ఎక్కాలు వినిపించేవి. "రెండొకట్ల రెండు, రెండ్రెండ్ల నాలుగు" దగ్గర గొంతులు కంచుమోతే. పదిహేడో ఎక్కానికి వచ్చేసరికి అన్నీ గొణుగుడు. పంతులు కళ్లు మూసుకునే ఉండేవారు, ఏ వరస గొంతు తగ్గితే ఆ వరసను లేపి "పదిహేడేడ్ల?" అనేవారు. 119 చెప్పలేనోడు నిలబడాల్సిందే.

హైస్కూలు లెక్కల సారు చేతిలో బెత్తం కంటే సుతిలి తాడే ఎక్కువగా కనిపించేది. వైశాల్యాల పాఠం వచ్చిందంటే పిల్లల్ని బడి వెనక చెలకలోకి నడిపించేవారు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. పదకొండు గజాల పొడుగు, పదకొండు గజాల వెడల్పు అయితే గుంట, అంటే అన్ని వైపులా 33 అడుగులు. సర్వే గొలుసు 66 అడుగులు, కాబట్టి గొలుసు ఇటు, గొలుసు అటు అయితే నాలుగు గుంటలు. అలాంటివి పది కలిస్తే ఎకరం, 4,840 గజాలు. ఇది నోటికి వచ్చినోడికి చదరపు కొలతల అధ్యాయం సగం వచ్చినట్టే.

మూల మట్టంగా ఉందో లేదో చూడటానికి 3, 4, 5 తాడు. పన్నెండు సమాన భాగాలు గుర్తుపెట్టి ముగ్గురు పిల్లలు లాగి పట్టుకుంటే లంబకోణం. ముడులు వేస్తే ముడి ముడికీ కొంత తాడు పోతుంది, అందుకని రంగు దారం కట్టాలి. తడిసిన తాడు కొలత నమ్మొద్దు.

చెలకలు చతురస్రంగా ఉండవు కదా. ఊళ్లో పెద్దలకు ఒక సులువు తెలుసు: ఎదురెదురు గెట్లు కలిపి సగం చేయి, ఈ సగాన్ని ఆ సగంతో గుణించు. సారుకు ఆ సులువంటే చిరాకు. నాలుగు గెట్లూ 44 గజాలున్న చెలక తీసుకుంటే ఆ లెక్కకు 1,936 గజాలు, అంటే సరిగ్గా 16 గుంటలు. అదే చెలక ఒక మూల 60 డిగ్రీలకు వాలి ఉంటే? కర్ణం పట్టుకుని, రెండు వైపుల నుంచి దాని మీదికి లంబాలు దించి, లంబాల మొత్తాన్ని కర్ణంతో గుణించి సగం చేస్తే 1,676 గజాలు. 14 గుంటలు కూడా రావు. పెద్దల లెక్క దీర్ఘచతురస్రానికి తప్ప ఎక్కడా సరిపోదు, తప్పినప్పుడు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. "కొనేటోడు జాగ్రత్త, అమ్మేటోడు ఖుషీ" అనేవారు సారు. కర్ణం పొడుగుది తీసుకుంటే లంబాలు చిన్నగా వచ్చి తాడు పట్టడం తేలిక, తప్పు తక్కువ.

గురువు, లఘువు

తెలుగు సారు బోర్డు మీద ముందు రాసేది యమాతారాజభానసలగం. పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువ పట్టేది లఘువు, వాటి కూర్పు గణం. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు చదివితే అదే గణం. యమాతా అంటే లఘువు, గురువు, గురువు. భానస అంటే గురువు, లఘువు, లఘువు. తొమ్మిదో తరగతి వాళ్లు సైకిలు తొక్కుకుంటూ కూడా గొణిగేవారు.

పోతన గజేంద్రమోక్షంలో "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై" పాదం ఉత్పలమాలకు అందరూ చెప్పే ఉదాహరణ. భ ర న భ భ ర వ (వ అంటే లఘువు, గురువు రెండే), ఇరవై అక్షరాలు. తప్పులు ఎక్కడొస్తాయో సారుకు ముందే తెలుసు. మొదటి 'ఎ' పొట్టిది గదా అని లఘువు పెడతారు. వెనక వ్వ ఉంది, అందుకే ఎ గురువు. 'నిం', 'నుం' సున్నా వల్ల గురువులు. ఇక యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు. ఉత్పలమాలకు పదో అక్షరం. లెక్కపెడితే అక్కడ 'మె' ఉంది. 'ఎ'కూ 'మె'కూ ఏం చుట్టరికం? సగం క్లాసు యతి తప్పిందనేది. జగము ఎవ్వని అని విడదీస్తే లోపల దాగిన ఎ బయటికొస్తుంది. ఆ ఒక్క పాదంతో సంధీ యతీ ఒకేసారి అర్థమయ్యేవి, రెండు పాఠాలు ఆదా.

"ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" అని వేమన ఆటవెలది ఎక్కించినప్పుడూ ఇదే. మొదట మూడు సూర్యగణాలు (చిన్నవి), ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు (కొంచెం పెద్దవి). నాలుగో గణం మొదట 'నొ', దానిలో ఒ. ఉ ఊ ఒ ఓ ఒక జట్టు కాబట్టి యతి కుదిరింది. అ ఆ ఐ ఔ ఇంకో జట్టు, ఇ ఈ ఎ ఏ మరొకటి. పరీక్షలో గణాలు తప్పినా యతిస్థానం సంఖ్య రాసి వస్తే కొన్ని మార్కులు దక్కుతాయని 10, 11, 13, 14 అని వేళ్ల మీద నేర్పేవారు: ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం.

పాలమూరు తెలుగు సార్లకు ఒక గర్వం కూడా ఉండేది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఈ జిల్లావాడే. ఆ సంగతి సిలబస్‌లో ఉన్నా లేకున్నా చెప్పేవారు.

పటంలో కృష్ణ

సోషల్ సారు మ్యాపు గుర్తించడాన్ని నది వెంబడి నడిపించేవారు. కృష్ణ తంగిడి దగ్గర తెలంగాణలోకి వస్తుంది, భీమ అక్కడే కలుస్తుంది. తర్వాత జూరాల. గద్వాల, అలంపురం ఉన్న నడిగడ్డ కృష్ణకూ తుంగభద్రకూ నడుమ. నల్లమలలో శ్రీశైలం, ఆ తర్వాత ఈశాన్యానికి తిరిగి నాగార్జునసాగర్, ఆ కింద వాడపల్లి దగ్గర మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీని గోదావరిలో కలిపేసే పిల్లలు ప్రతి ఏడూ ఉండేవారు. శ్రీశైలాన్ని సాగర్‌కు కింద పెట్టడం ఇంకో రివాజు. ఎగువ నుంచి దిగువకు జూరాల, శ్రీశైలం, సాగర్ అని వేలితో నది మీద జారుతూ చెప్పిస్తే తప్పేది కాదు.

సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 26 గేట్లు, నిండు మట్టం 590 అడుగులు. రాతి కట్టడం. పాలమూరు కూలీలు చేయి వేయని కట్ట లేదంటారు, పటం మీద చుక్క పెట్టే పిల్లల్లో కొందరి తాతలు ఆ రాళ్లు మోసినవాళ్లే. వలస పోయిన ఇండ్ల పిల్లల పేర్లు హాజరు పట్టీలో వరసగా ఆబ్సెంట్ పడేవి, ఉగాదికి తిరిగొచ్చేవారు, కొందరు రాకపోయేవారు.

పాలమూరులో వాన ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టే. మిల్లీమీటరు అంటే ఏందని అడిగితే సారు నిటారు గోడలున్న డబ్బాను బయట పెట్టించి, వాన వెలిశాక స్కేలు ముంచేవారు. గోడలు నిటారుగా ఉంటే డబ్బా మూతి పెద్దదైనా చిన్నదైనా కొలత ఒకటే. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైన. చెట్టు కిందో చూరు కిందో పెడితే మాత్రం ఆ లెక్క దండగ.

హిందీ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. మిగతా వాటికి 35 కావాలి, దానికి 20 చాలు, ఆ 15 మార్కుల తేడాలో పిల్లలంతా నిశ్చింతగా ఉండేవారు. ఉర్దూ మాటలు చెవిన పడి పెరిగిన ఊళ్లు కాబట్టి అర్థం అయ్యేది, లింగమే అయ్యేది కాదు. భూతకాలంలో సకర్మక క్రియకు 'నే' పెట్టాలని, బోల్నా, భూల్నా, లానాకు పెట్టొద్దని హిందీ మేడం పాటలాగా పాడించేవారు. అది మాత్రం ఎవరికీ పోలేదు.

భౌతికశాస్త్రంలో కాంతి పాఠం వస్తే నల్లగొండ పిల్లలకు ఊరి పక్కనే ఉన్న పానగల్లు తప్పదు. ఛాయా సోమేశ్వరాలయం, కందూరు చోడుల కాలపు త్రికూటం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. వెళ్లేముందు సారు క్లాసులో రెండు కొవ్వొత్తులు, ఒక కర్రతో మొదలుపెట్టేవారు. ఒక కొవ్వొత్తికి ఒక నీడ. రెండు పెడితే రెండు నీడలు, కలిసిన చోట చిక్కగా, విడిగా ఉన్న చోట పలచగా. ఒక కొవ్వొత్తి జరిపితే దాని నీడ ఎదురు దిక్కుకు జరుగుతుంది. ఆ తర్వాత కొవ్వొత్తులు ఆర్పి, తెరిచిన తలుపు ముందు కర్ర నిలబెట్టేవారు. ఎదురు గోడ మీద మసక నీడ, బయట మబ్బు వచ్చినా ఎండ వచ్చినా అక్కడే. గుడిలోనూ అంతే. ఎండ నేరుగా లోపలికి రాదు, మండపం తెరిచి ఉన్న వైపుల నుంచి చెదిరిన వెలుగే వస్తుంది, స్తంభం అడ్డుకున్న మేర తగ్గుతుంది. వెలుగొచ్చే దారి పొద్దుతో పాటు జరగదు కాబట్టి నీడా జరగదు. చూడాలంటే మంది తక్కువున్నప్పుడు పోవాలి, వాకిట్లో నలుగురు నిలబడ్డా వెలుగు అడ్డమై నీడ చెదిరిపోతుంది. సెల్‌ఫోన్ టార్చి అసలే వేయొద్దు.